మూడెకరాల ఓడ మీద డ్రోన్‌కు చోటు

నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో పొలానికి మందు కొట్టే డ్రోన్ ఇప్పుడు వింత కాదు. గట్టు మీద నుంచే నిలువునా లేస్తుంది. వరి చేను మీద అటొక సాలు, ఇటొక సాలు తిరుగుతుంది. బ్యాటరీ అయిపోయే లోపే వచ్చి అదే గట్టు మీద వాలుతుంది. దాన్ని చూసే రైతుకు సహజంగా ఒక సందేహం కలుగుతుంది. మంచమంత జాగాలో లేచి దిగే వస్తువు కోసం పెద్ద పెద్ద దేశాల నౌకాదళాలు విమాన వాహక నౌకలనే మార్చుకోవాలని ఎందుకు తంటాలు పడుతున్నాయి? ఓడ మీద ఓ మూల నిలబెట్టి ఎగరేస్తే చాలదా?

చాలదు. కారణం ఆ బ్యాటరీ దగ్గరే ఉంది. మందు కొట్టే డ్రోన్ తన బరువునంతా, మందు డబ్బాతో సహా, పంకాల బలంతోనే గాల్లో నిలుపుకోవాలి. బస్తా నెత్తిన పెట్టుకున్న హమాలీ కదలకుండా నిలబడినా అలసిపోయినట్టే, అది గాల్లో ఉన్న ప్రతి క్షణమూ శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. అందుకే కాసేపటికే దిగి బ్యాటరీ మార్చుకుంటుంది. సముద్రం మీద కాపలా తిరిగే డ్రోన్ పని అలా కాదు. వందల కిలోమీటర్లు పోవాలి, ఇరవై గంటలైనా పైన ఉండాలి. అంతసేపు నిలవాలంటే బరువు మోసే పని పంకాకు కాక రెక్కకు అప్పగించాలి. గద్ద రెక్కలు చాచి, ఆడించకుండా ఆకాశంలో తేలేది రెక్క మోస్తుంది కనుకనే.

అయితే రెక్కకు ఒక షరతు ఉంది. దాని మీదుగా గాలి వేగంగా సాగకపోతే అది ఏమీ మోయదు. ఓడల కష్టాలన్నీ ఈ షరతు నుంచే పుడతాయి.

రెక్కకు కావలసిన పరుగు

గాలి లేని పూట పతంగి ఎగరేయాలంటే పిల్లవాడు దారం పట్టుకుని పరుగెత్తుతాడు. గాలి బాగా వీచే సాయంత్రం కదలకుండా నిలబడినా పతంగి లేస్తుంది. పతంగి కదిలిందా, గాలి కదిలిందా అన్న తేడా దానికి లేదు. రెంటి మధ్య వేగంలో తేడా ఉంటే చాలు. విమానం రెక్కకూ ఇదే సూత్రం. విమానాలు లేచే ముందు వాహక నౌక ఎదురు గాలిలోకి తిరిగి వేగం పెంచేది ఇందుకే. భారత నౌకాదళపు ఐఎన్‌ఎస్ విక్రాంత్ గరిష్ఠ వేగం 28 నాట్లు, అంటే గంటకు సుమారు 52 కిలోమీటర్లు. ఎదురు గాలి మరో 30 కిలోమీటర్ల వేగంతో వీస్తుంటే, చక్రం కదలకముందే రెక్కకు 80 కిలోమీటర్ల గాలి అందుతుంది.

తేలికపాటి డ్రోన్‌కు ఇది పెద్ద వరం. మిగిలిన కొద్ది వేగాన్ని అది చిన్న పరుగుతో అందుకుంటుంది. ఇరవై నాలుగు టన్నుల యుద్ధ విమానానికి ఇది సగం కూడా కాదు. నేల మీద అలాంటి విమానానికి కిలోమీటర్ల రన్‌వే ఉంటుంది. విక్రాంత్ మొత్తం పొడవే 262 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు. పైనున్న డెక్ విస్తీర్ణం పొలం లెక్కలో మూడెకరాలు, ఒక చిన్న రైతు కమతమంత. రన్‌వే, విమానాలు నిలిపే జాగా, ఇంధనం పట్టే చోటు, ఆయుధాలు అమర్చే చోటు, కింది అంతస్తులోని షెడ్డుకు దించే రెండు లిఫ్టులు, అన్నీ ఆ మూడెకరాల్లోనే ఇమడాలి. ముప్పై దాకా విమానాలూ హెలికాప్టర్లూ దాని మీద బతకాలి.

గులేరు, ఒడిసెల, కాలువ కట్ట

బరువైన విమానాన్ని ఇంత చిన్న జాగా నుంచి లేపి దించడానికి నూరేళ్ల అనుభవంలో మూడు దారులు నిలిచాయి.

మొదటిది విసరడం. జొన్న చేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలేవాడు ఒడిసెలతో రాయి విసురుతాడు. పిల్లలు గులేరుతో కొడతారు. రాయికి సొంత బలం లేకపోయినా వేగం వస్తుంది. ఓడ మీది క్యాటపల్ట్ అలాంటి గులేరు యంత్రమే. డెక్‌లో చీలిక లాంటి గాడి ఉంటుంది. దాని కింద పిస్టన్ పరుగెత్తుతుంది. విమానం ముందు చక్రాన్ని దానికి తగిలిస్తారు. అమెరికా ఓడల మీద ఈ యంత్రం 90 మీటర్లకు కాస్త ఎక్కువ దూరంలో, రెండు మూడు సెకన్లలో, విమానానికి గంటకు 250 కిలోమీటర్ల వేగం అందిస్తుంది.

ఆ పిస్టన్‌ను దశాబ్దాల పాటు నెట్టింది ఆవిరి. ఆవిరి సంగతి బోధన్‌కు కొత్త కాదు. నిజాం కాలంలో 1937లో మొదలై, 2015 డిసెంబరులో మూతపడిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీని చూసినవారికి ఆ లెక్క తెలుసు. చెరకు పిప్పిని బాయిలర్‌లో కాలిస్తే వచ్చే ఆవిరే గానుగలను తిప్పేది, రసాన్ని మరిగించేది. ఒకే ఆవిరి నాలుగు పనులకు పంచుకోవాలి. పాత వాహక నౌకలోనూ అంతే. ప్రొపెల్లర్‌ను తిప్పే బాయిలర్ నుంచే క్యాటపల్ట్‌కూ ఆవిరి వెళుతుంది. బాయిలర్ లేని ఓడకు ఆవిరి క్యాటపల్ట్ పెట్టడం పిప్పి కాల్చే కొలిమి లేకుండా చక్కెర వండబోవడమే. ఇప్పటి విక్రాంత్‌ను నడిపేది నాలుగు గ్యాస్ టర్బైన్లు. వాటిలో ఆవిరి పుట్టదు. కనుక ఆ దారి ఈ ఓడకు పునాదిలోనే మూసుకుపోయింది.

రెండో దారి ఎగరేయడం. నిజాంసాగర్ కాలువ కట్ట మీదికి మోటారు సైకిల్ వేగంగా ఎక్కితే, కట్ట అంచున చక్రాలు నేలను వదిలి బండి క్షణంపాటు పైకి లేస్తుంది, తర్వాత పడుతుంది. స్కీ జంప్ అనే ఎత్తు వాలు ఆ క్షణాన్ని వాడుకుంటుంది. డెక్ ముందు భాగం పైకి వంగి ఉంటుంది. విక్రాంత్ మీద ఆ వంపు 14 డిగ్రీలు. అంచు దాటేటప్పటికి విమానానికి ఎగరడానికి చాలినంత వేగం ఉండదు. కానీ అది పైకి పోతూ ఉంటుంది. కిందికి జారడం మొదలయ్యే లోపు దొరికే కొన్ని సెకన్లలో ఇంజిన్ నెడుతూనే ఉంటుంది, లోటున్న వేగం పూర్తవుతుంది. ఇందులో కదిలే యంత్రమే లేదు, చెడిపోయేదీ లేదు. బదులుగా యుద్ధ విమానానికి బరువుతో పోలిస్తే చాలా ఎక్కువ ఇంజిన్ బలం ఉండాలి. నిండా ఇంధనం, నిండా ఆయుధాలు రెండూ మోసుకుని లేవడం కష్టం. పెద్ద రాడార్ మోసే బరువైన పంకా విమానాలకు ఈ వాలు పనికిరాదు.

మూడోది, హ్యారియర్, ఎఫ్-35బి లాగా ఇంజిన్ గాలిని కిందికి మళ్లించి దాదాపు నిలువునా దిగడం. అవి లేచేటప్పుడు మాత్రం ఇంధనం ఆదా కోసం డెక్ మీద కొంత పరుగెత్తుతాయి, వాలు ఉంటే దాన్ని వాడుకుంటాయి.

నాలుగో దారి ఇటీవల వచ్చింది: ఆవిరికి బదులు విద్యుదయస్కాంతం నెట్టే క్యాటపల్ట్. అమెరికా ఓడ జెరాల్డ్ ఆర్ ఫోర్డ్ 2017లో దీనితోనే నౌకాదళంలో చేరింది. డ్రోన్ల సంగతిలో దీని విలువ ఎక్కువ. ఆవిరి దెబ్బ మొరటుది. బరువైన విమానానికి సరిపోయే దెబ్బ తేలిక డ్రోన్ నడుము విరుస్తుంది. విద్యుత్ తోపును బరువుకు తగ్గట్టు ఇంకా మెత్తగా, కచ్చితంగా తగ్గించవచ్చు, పెంచవచ్చు. చైనా ఓడ ఫుజియాన్ అణుశక్తి లేకుండానే ఇలాంటి యంత్రాలతో 2025 నవంబరులో నౌకాదళంలో చేరింది.

ఓడకు రెండో జన్మ

ఓడ ఆయుష్షు నలభై యాభై ఏళ్లు. విమానాల తరాలు అంతకంటే త్వరగా మారతాయి. కాబట్టి ఓడను కొత్త విమానానికి మలచుకోవడం డ్రోన్లతో మొదలైన అవసరం కాదు. తెలుగు తీరానికి బాగా పరిచయమున్న పాత విక్రాంత్ చరిత్రే దీనికి సాక్ష్యం.

1961లో భారత నౌకాదళంలో చేరిన ఆ ఓడ ఆవిరి క్యాటపల్ట్‌తో సీ హాక్ జెట్లను, అలీజే పంకా విమానాలను ఎగరేసేది. 1971 నాటికి దాని బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు వచ్చాయి. బాయిలర్ బలహీనమైతే ఓడ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే డెక్ మీద ఎదురు గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే విమానం లేస్తుందో లేదో అన్న సందేహం. ఇనుప డ్రమ్ములోని ఒక పగులు ఆకాశంలోని రెక్క దాకా ఎలా పాకుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ పరిస్థితిలోనే విక్రాంత్ ఆ ఏడాది డిసెంబరులో బంగాళాఖాతంలో నిలిచి, కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి విమానాలను పంపింది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం ఎదుట మునిగిపోయింది.

1983లో సీ హ్యారియర్లు వచ్చాయి. వాటికి క్యాటపల్ట్ అక్కరలేదు, వాలు కావాలి. 1980ల చివర క్యాటపల్ట్‌ను తీసేసి, ముందు భాగంలో 9.75 డిగ్రీల వాలు కట్టారు. దాంతో అలీజేలకు ఆ ఓడ మీద చోటు పోయింది. జలాంతర్గాములను వెతికే పని హెలికాప్టర్లకు వెళ్లింది. ఒకే ఓడ, ఒకే పేరు. ఏది ఎగరగలదన్నది మాత్రం పూర్తిగా మారింది. ఓడను మార్చిన ప్రతిసారీ ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది. డ్రోన్ల విషయంలోనూ మొదట అడగవలసింది పోయేది ఏమిటన్నదే.

ఐఎన్‌ఎస్ విక్రమాదిత్యది ఇంకా పెద్ద మార్పు. రష్యా చేతిలో అడ్మిరల్ గోర్ష్‌కోవ్‌గా ఉన్నప్పుడు ఆ ఓడ ముందు సగమంతా క్షిపణులే. నిలువునా లేచే యాక్-38 విమానాలు వెనక భాగంలో ఉండేవి. క్షిపణులను పెరికేసి, డెక్‌ను ముందుకు పొడిగించి, 14 డిగ్రీల వాలు, ఆపే తీగలు అమర్చి, మిగ్-29కె విమానాలకు తగ్గట్టు తిరిగి కట్టారు. 2013 నవంబరు 16న అది భారత నౌకాదళంలో చేరేటప్పటికి అయిన ఖర్చు 2.35 బిలియన్ డాలర్లు, మొదటి ఒప్పందంలో అనుకున్నదానికి రెండింతలకు పైనే. బ్రిటన్ కూడా 2010లో తన కొత్త ఓడకు క్యాటపల్ట్ పెట్టాలని నిర్ణయించి, మార్పిడి ఖర్చు రెండింతలయ్యేలా ఉందని తేలాక 2012లో వెనక్కి తగ్గింది. ఓడ డెక్ లోపల కేబుళ్లు, పైపులు, గదులు వేల సంఖ్యలో అల్లుకుని ఉంటాయి. కట్టిన ఇంటికి పునాది మార్చడం లాంటి పని అది.

దిగడం మరింత కష్టం

1911 జనవరిలో యూజీన్ ఈలీ శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర నిలిచి ఉన్న యుద్ధనౌక మీద విమానాన్ని దించినప్పుడు, దాన్ని ఆపింది ఇసుక సంచులు కట్టిన తాళ్లు. విమానం కింది కొక్కెం తాళ్లను లాక్కుపోతుంటే సంచుల బరువు దాన్ని నెమ్మదింపజేసింది. సూత్రం ఇప్పటికీ అదే. డెక్‌కు అడ్డంగా ఉక్కు తీగలు ఉంటాయి. విక్రాంత్ మీద మూడు. విమానం తోక కింది కొక్కెం వాటిలో ఒకదాన్ని పట్టుకోవాలి. బెదిరిన కోడెను ఆపే రైతు పగ్గాన్ని ఒక్కసారిగా బిగబట్టడు, చేతుల్లో కొంత జారనిస్తూ ఆపుతాడు. తీగ చివరలు డెక్ కింద ఉన్న యంత్రంలో అలాగే బిగువుతో జారతాయి. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వచ్చిన విమానం నూరు మీటర్లలో నిలబడిపోతుంది.

చక్రాలు డెక్‌ను తాకగానే పైలట్ ఇంజిన్‌ను తగ్గించడు, పూర్తి బలానికి పెంచుతాడు. కొక్కెం తీగను తప్పితే వెంటనే మళ్లీ లేవాలి కనుక. దిగే దారిని ఓడ పొడవుకు ఏటవాలుగా గీసేది కూడా అందుకే. తప్పిన విమానం ముందు నిలిపిన విమానాల మీదికి పోకుండా సముద్రం వైపు లేచిపోతుంది. వీటన్నిటి మధ్య డెక్ కదలకుండా ఉండదు. అల మీద ముక్కు లేస్తుంది, పడుతుంది, పక్కకు ఒరుగుతుంది.

పైలట్ లేని యంత్రం ఈ పని చేయగలదా అన్నదానికి 2013లో జవాబు వచ్చింది. అమెరికా తయారు చేసిన ఎక్స్-47బి అనే తోక లేని జెట్ డ్రోన్ మే 14న జార్జ్ హెచ్ డబ్ల్యూ బుష్ ఓడ మీద నుంచి క్యాటపల్ట్‌తో లేచింది. జూలై 10న అదే ఓడ మీద తీగ పట్టుకుని రెండుసార్లు దిగింది. దాన్ని ఎవరూ జాయ్‌స్టిక్ పట్టుకుని నడపలేదు. ఓడ, డ్రోన్ రెండూ ఉపగ్రహాల సాయంతో తమ స్థానాన్ని క్షణక్షణం పోల్చుకుంటుంటే, డెక్ కదలికకు తగ్గట్టు డ్రోన్‌లోని కంప్యూటరే దారి సరిచేసుకుంది. ఆ రోజు మూడోసారి దిగబోతుండగా తన కంప్యూటర్లలో ఒకదానిలో లోపాన్ని అదే గుర్తించి, ఓడ మీదికి రాకుండా ఒడ్డున ఉన్న రన్‌వేకు వెళ్లి దిగింది. విజయవంతంగా దిగిన రెండుసార్లకంటే దిగకూడదని అది తెలుసుకున్న మూడోసారే ఎక్కువ ధైర్యం ఇస్తుంది. డెక్ మీద వందల మంది పని చేస్తుంటారు మరి.

ఎద్దుబండీ, ఆర్టీసీ బస్సూ ఒకే దారిలో

విడిగా డ్రోన్‌ను దించడం ఒక మెట్టు. జెట్ విమానాలతో కలిపి నడపడం అంతకంటే ఎత్తయిన మెట్టు. చెరకు సీజన్‌లో బోధన్ దారిలో ఎద్దుబండ్లు, చెరకు ట్రాక్టర్లు, ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి నడిచిన రోజుల్లో దారి వేగాన్ని నిర్ణయించింది బస్సు కాదు, బండి. దిగే దారి ఒక్కటే ఉన్న ఓడ మీద కూడా అదే సమస్య. జెట్లు నిమిషానికొకటి చొప్పున దిగాలి, ఇంధనం అడుగంటిన వాటిని గాల్లో నిలబెట్టలేరు. వాటి మధ్యలో నెమ్మదిగా తేలుతూ వచ్చే పంకా డ్రోన్ దూరితే వరుస చెదురుతుంది. 2014 ఆగస్టులో థియోడర్ రూజ్‌వెల్ట్ ఓడ మీద ఎక్స్-47బి, ఎఫ్/ఎ-18 జెట్లు ఒకే వరుసలో లేచి దిగినప్పుడు పరీక్షించింది ముఖ్యంగా దీన్నే: దిగిన డ్రోన్ కొక్కెం విడిపించుకుని, రెక్కలు మడిచి, తొంభై సెకన్లలో వెనకవాడికి దారి ఇవ్వగలదా అని. ఇచ్చింది. అది జెట్ కనుక, వేగాలు దగ్గరగా ఉన్నాయి కనుక కుదిరింది.

డెక్ మీద నడపడం మరో చిక్కు. ఇంజిన్ల మోతలో మాట వినపడదు. రంగు చొక్కాలు వేసుకున్న నావికులు చేతి సైగలతో విమానాలను అంగుళం అంగుళం జరుపుతారు. సైగ చూసే కళ్లు డ్రోన్‌కు లేవు. ఎక్స్-47బిని డెక్ మీద జరపడానికి ఒక నావికుడు చేతికి కట్టుకున్న చిన్న నియంత్రణ పెట్టెతో దాని పక్కన నడిచాడు. మిగతావారు మాత్రం ఎప్పటిలాగే సైగలు చేశారు, అతను వాటిని చూసి డ్రోన్‌ను కదిలించాడు. అలవాటైన పద్ధతిని చెడగొట్టకుండా కొత్తదాన్ని అందులో ఇమడ్చడం తెలివైన పని.

బరువుల తేడా వల్ల వచ్చే ప్రమాదం కంటికి కనిపించదు. లేవబోయే యుద్ధ విమానం వెనక వీచే వేడి గాలి తుఫాను లాంటిది. అది టన్నున్నర బరువున్న పొడవు రెక్కల డ్రోన్‌ను బోర్లా పడేయగలదు. డ్రోన్ నుంచి జెట్‌కూ ముప్పే. జెట్ ఇంజిన్ ముందున్నదాన్నల్లా పీల్చుకుంటుంది, ఒక్క మర చాలు దాన్ని ధ్వంసం చేయడానికి. పసుపు ఆరబోసే ముందు కళ్లాన్ని చీపురుతో ఊడ్చి, రాయీ రప్పా ఏరినట్టు, నావికులు వరుసగా నడుస్తూ డెక్ మీది ప్రతి ముక్కనూ ఏరతారు. కొత్త యంత్రాలు వచ్చినకొద్దీ రాలే ముక్కలూ పెరుగుతాయి.

అన్నిటికంటే భయపడవలసింది నిప్పుకు. కొన్ని పంకా డ్రోన్లలో ఉండేది పెట్రోల్ ఇంజిన్. పెట్రోల్ గడ్డకట్టే చలిలో కూడా ఆవిరై, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. వాహక నౌకల మీద జెట్లకు వాడే ఇంధనం కిరసనాయిలు జాతిది. అమెరికా నౌకాదళం వాడే రకం 60 డిగ్రీలు వేడెక్కే దాకా అంటుకునేంత ఆవిరినివ్వదు. కిరసనాయిలు దీపం ఇంట్లో పెట్టుకున్నవారు కూడా పెట్రోల్ డబ్బాను ఇంట్లో ఉంచరు. వేల టన్నుల ఇంధనం, బాంబులు, పదిహేను వందల మంది ఉన్న ఓడలో ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ. కనుక ఓడ డ్రోన్లకు కిరసనాయిలు జాతి ఇంధనంతో నడిచే ఇంజిన్లే కావాలి. మందు కొట్టే డ్రోన్లలో వాడే లిథియం బ్యాటరీలదీ ఇదే కథ. ఒకసారి అంటుకుంటే లోపలి నుంచే వేడి పుడుతూ మళ్లీ మళ్లీ రగులుతాయి. వాటికి వేరే గది, వేరే ఆర్పే ఏర్పాటు కావాలి.

రేడియో సంగతి మరొకటి. శత్రువుకు చిక్కకూడదని వాహక నౌక తరచూ తన రాడార్లను, రేడియోలను మూగబెట్టి నడుస్తుంది. దూరం నుంచి నడిపే డ్రోన్‌కు మాత్రం నిరంతరం మాట అందుతూ ఉండాలి. ఆ మాటే ఓడ ఎక్కడుందో చాటుతుంది. డ్రోన్ తనంతట తాను ఎంత ఎక్కువ నిర్ణయించుకోగలిగితే ఓడ అంత నిశ్శబ్దంగా ఉండగలదు. ఓడ డ్రోన్లకు తెలివి కావలసింది ముందుగా ఈ కారణంతోనే.

తుర్కియే మార్చుకున్న దారి

అనుకోకుండా డ్రోన్ల ఓడగా మారినది తుర్కియే వారి అనదోలు. 231 మీటర్ల ఆ ఓడను ముందు వాలుతో కట్టింది ఎఫ్-35బి విమానాలు దిగుతాయని. రష్యా క్షిపణి వ్యవస్థ కొన్నందుకు 2019లో అమెరికా ఆ దేశాన్ని ఎఫ్-35 పథకం నుంచి తొలగించింది. ఓడ ఉంది, విమానం లేదు. దాంతో ఓడకు తగ్గ విమానాన్నే తయారు చేసుకున్నారు. టీబీ3 అనే పంకా డ్రోన్‌కు మడిచే రెక్కలు పెట్టి, చిన్న రన్‌వేకు తగ్గట్టు గట్టి చక్రాల కాళ్లు అమర్చారు. 2024 నవంబరు 19న అది అనదోలు మీద నుంచి వాలు మీదుగా లేచి, తీగ సాయం లేకుండా మళ్లీ అదే డెక్ మీద దిగింది. అంతకు ఏడాది ముందు, 2023 నవంబరులో, బ్రిటన్ ఓడ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మీద మొజావే అనే మరో పంకా డ్రోన్ క్యాటపల్ట్, తీగ రెండూ లేకుండా లేచి దిగింది.

ఈ రెండూ చూపించిన విషయం ముఖ్యమైనది. తేలికగా, పొడవైన రెక్కలతో ఉన్న డ్రోన్‌కు ఓడను పెద్దగా మార్చనక్కరలేదు. బరువు పెరిగితే మాత్రం లెక్క మారుతుంది. అమెరికా సిద్ధం చేస్తున్న ఎంక్యూ-25 పని గాల్లో ఉన్న యుద్ధ విమానాలకు ఇంధనం పట్టడం. ఓడకు 900 కిలోమీటర్లకు పైగా దూరంలో ఆరేడు టన్నుల ఇంధనం అందించాలన్నది దానికి పెట్టిన లక్ష్యం. అంత బరువు మోసేదానికి క్యాటపల్ట్, తీగ రెండూ తప్పనిసరి. 2021 జూన్‌లో దాని నమూనా మొదటిసారి ఎఫ్/ఎ-18కు గాల్లో ఇంధనం పట్టింది. ఇప్పటిదాకా ఆ పని చేసిన యుద్ధ విమానాలు అందువల్ల తమ అసలు పనికి విడుదలవుతాయి.

విక్రాంత్ లెక్క

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్‌లో తెలంగాణ పాలు చిన్నది కాదు. రష్యా నుంచి యుద్ధనౌక ఉక్కు అందనప్పుడు, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన శాల డీఎంఆర్-249 ఉక్కును రూపొందించింది. ఓడ దేహానికి ఒక రకం, విమానాల దెబ్బ తట్టుకోవలసిన డెక్‌కు మరింత గట్టి రకం. ఆ డెక్ మీద 2023 ఫిబ్రవరి 6న తేజస్ నౌకాదళ నమూనా, మిగ్-29కె మొదటిసారి దిగాయి.

2025 ఏప్రిల్ 28న 26 రఫేల్-ఎం విమానాలకు ఒప్పందం కుదిరింది. ఇక్కడే పాత కొలతలు అడ్డొస్తాయి. విక్రాంత్ లిఫ్టులు మిగ్-29కెను దృష్టిలో పెట్టుకుని గీసినవి. మిగ్ రెక్కలు మడిస్తే వెడల్పు ఎనిమిది మీటర్లలోపే. రఫేల్ రెక్కలు మడవవు, వెడల్పు పదకొండు మీటర్లకు దగ్గర. ఒక జెట్‌కు బదులు మరో జెట్ వచ్చినప్పుడే ఇంత ఇరుకైతే, పొడవు రెక్కల డ్రోన్ల మాట వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాద్‌లో తయారై 2024 జనవరిలో నౌకాదళానికి అందిన దృష్టి-10 రెక్కల చాపు 15 మీటర్లు. 2024 అక్టోబరులో కొనుగోలు ఒప్పందం కుదిరిన 31 ఎంక్యూ-9బి డ్రోన్లలో 15 నౌకాదళానివి. వాటి చాపు 24 మీటర్లు. ఇవన్నీ ఒడ్డు మీది రన్‌వే నుంచి ఎగిరేవే, మడత రెక్కలు లేనివే.

అయినా విక్రాంత్‌కు డ్రోన్ అవసరం ఇతర ఓడలకంటే ఎక్కువ అనడానికి గట్టి కారణముంది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల ముప్పై మీటర్ల ఎత్తున్న కన్నుకు సముద్రం మీద ఇరవై కిలోమీటర్లకు మించి కనిపించదు. అదే కన్ను ఐదు వేల మీటర్ల ఎత్తుకు వెళితే 250 కిలోమీటర్ల దాకా చూస్తుంది. జొన్న చేలో మంచె వేసేది ఇందుకే. క్యాటపల్ట్ ఉన్న దేశాలు రాడార్ విమానాన్నే మంచెగా ఎగరేస్తాయి. వాలు మాత్రమే ఉన్న విక్రాంత్‌కు ఆ మంచె కామోవ్-31 హెలికాప్టర్. హెలికాప్టర్ తన బరువును తానే మోస్తుంది కనుక కొన్ని గంటల్లో దిగాల్సిందే. పొలం డ్రోన్‌కున్న కష్టమే దానిదీ. వాలు మీదుగా లేచి, తీగ లేకుండా దిగి, మడత రెక్కలతో లిఫ్టులో పట్టి, కిరసనాయిలు జాతి ఇంధనంతో రాత్రంతా పైన ఉండే రాడార్ డ్రోన్ ఈ ఓడకు దొరికితే, డెక్‌ను తవ్వకుండానే దాని చూపు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆయుధాలు మోసే బరువైన జెట్ డ్రోన్ కంటే ముందు కావలసింది అదే. అందుకు ఇచ్చుకోవలసిన మూల్యం కింది షెడ్డులో ఒకటి రెండు యుద్ధ విమానాల జాగా.

అలాంటి ఏ యంత్రమైనా నేరుగా ఓడ ఎక్కదు. గోవాలోని ఐఎన్‌ఎస్ హంస స్థావరంలో ఒడ్డు మీదే ఓడ వాలునూ పట్టు తీగలనూ పోలిన పరీక్షా కేంద్రం ఉంది. 2022 జనవరిలో రఫేల్-ఎం తన సత్తా చూపింది అక్కడే. ఒడ్డు నుంచి ఓడ దాకా చేరడానికి ఏళ్లు పడుతుంది: నౌకాదళ తేజస్ ఆ వాలు మీదుగా మొదట లేచింది 2014 డిసెంబరులో, అక్కడి తీగ పట్టుకుని మొదట ఆగింది 2019 సెప్టెంబరులో, విక్రమాదిత్య డెక్ మీద దిగింది 2020 జనవరి 11న.